మిద్దె మనది, ఎండ మనది, మాట ఎవరిది?

డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు అయిపోయాయి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్ల పాటు సర్పంచులు లేని ఊర్లను ప్రత్యేకాధికారులు నడిపారు. ఆ రెండేండ్లలోనే మన నెత్తి మీద సోలార్ గురించి పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ జరిగిపోయాయి. ఏ ఊరు సోలార్ ఊరు కావాలి, ఎవరి మిద్దె మీద ప్లేట్లు పెట్టాలి, బోరు మోటార్లను ఎప్పుడు సోలార్‌కు మార్చాలి, యూనిట్‌కు ఎంత ఇవ్వాలి, ఇవన్నీ హైదరాబాద్‌లో, ఢిల్లీలో తేల్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ రైతునూ పిలిచి అడిగింది లేదు. ఇప్పుడు మనకు సర్పంచులు ఉన్నారు, వార్డు సభ్యులు ఉన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. ఇక నుంచి ఈ ముచ్చట అక్కడ తేలాలి. ఈ వ్యాసంలో చెప్పేది అదే.

ముందే ఒక మాట. సంఘం సోలార్‌కు అడ్డం అని ప్రచారం చేసేవాళ్లు మండలానికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లకు చెప్పండి, ఎండాకాలం పన్నెండు గంటలకు చెప్పులు లేకుండా చెలకలో నిలబడిన వాడికి ఎండ విలువ ఎవరూ నేర్పనక్కర లేదు. రాత్రి పూట కరెంటు కోసం టార్చిలైటు పట్టుకొని గట్ల వెంట తిరిగిన తరం మాది. పాము కరిచి పోయినవాళ్లు, స్టార్టరు పెట్టె దగ్గర షాకు కొట్టి పోయినవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు. పగటి పూట, ఎండ ఉన్నంత సేపు మోటరు నడిస్తే అంతకన్నా మేలు ఏముంది? సోలార్ రావాలి. అయితే అది దేని మీద అదనంగా వస్తున్నది, దేనికి బదులుగా వస్తున్నది అనేదే తగాదా.

కొండారెడ్డిపల్లి సంగతి చూద్దాం. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు. 2025 సెప్టెంబరులో దాన్ని పూర్తి సోలార్ గ్రామంగా ప్రకటించారు. 480 ఇండ్ల మీద, ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున ప్లేట్లు బిగించారు. బడి, పంచాయతీ వంటి సర్కారు బిల్డింగుల మీద కూడా పెట్టారు. మిగిలిన కరెంటుకు యూనిట్‌కు 5 రూపాయల 25 పైసలు వస్తుందని పత్రికల్లో చదివాం. మంచిదే. ఆ ఊరి వాళ్ల మీద మనకేం అసూయ లేదు, వాళ్లూ మన పాలమూరు బిడ్డలే.

లెక్క మాత్రం చేద్దాం. ఆ ఊర్లో అయిన ఖర్చు 10 కోట్ల పైన. అంటే ఇంటికి రెండు లక్షల పైమాట. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు ఇచ్చే సబ్సిడీ 78 వేలు మాత్రమే. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు, అంతే. ఆ మీద ఎన్ని పెట్టుకున్నా పైసా పెరగదు. కొండారెడ్డిపల్లిలో సబ్సిడీ పోగా మిగిలిన దానికి ఒక సోలార్ కంపెనీ విరాళం వచ్చింది, డిస్కం లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సర్దింది. మరి పక్క ఊరికి? గట్టు మండలంలో 480 ఇండ్ల ఊరు ఒకటి అనుకోండి. కేంద్రం నుంచి మూడున్నర కోట్లు, మహా అయితే మూడుముప్పావు కోట్లు వస్తాయి. మిగతా ఆరు కోట్లు ఎవరు పెడతారు? ప్రతి ఊర్లో ముఖ్యమంత్రి పుట్టడు కదా. ఏ కంపెనీ విరాళం ఇవ్వని ఊర్లో ఆ ఆరు కోట్లు రైతుల పేర బ్యాంకు లోనుగా మారుతాయి. ఇంటికి లక్షా పాతిక వేల కొత్త అప్పు. పంట లోను రెన్యువల్‌కే బ్యాంకు చుట్టూ తిరుగుతున్న వాడికి ఇంకో పాసుబుక్కు.

ఈ లోను కిస్తీ కరెంటు బిల్లు మిగులు నుంచే తీరిపోతుందని చెప్తారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో నెలకు ఎనిమిది వేల బిల్లు కట్టేవాడికి ఆ మాట నిజమే. మన దగ్గర? 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తున్నది. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్జు ఉన్న ఇల్లు నెలకు వంద యూనిట్లు దాటడం కష్టం. వనపర్తి వైపు ఒక రైతు మీటింగులో లేచి అడిగాడు, "నాకు వచ్చే బిల్లే సున్న. సున్నలోంచి ఏం మిగిల్చి కిస్తీ కట్టాలె అన్నా?" అక్కడున్న అధికారి నవ్వాడు, జవాబు మాత్రం ఇయ్యలేదు.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. జీరో బిల్లు ఇంటి మీద ప్లేట్లు పెడితే లాభపడేది ఎవరు? ఆ ఇంటి కరెంటు పైసలు ఇన్నాళ్లు డిస్కంకు కట్టింది రాష్ట్ర ప్రభుత్వం. ప్లేట్లు వచ్చాక ఆ ఇల్లు తన కరెంటు తానే తయారు చేసుకుంటుంది, ప్రభుత్వం ఆ పైసలు కట్టడం మానేస్తుంది. బోరు మోటరు విషయంలో ఇది ఇంకా పెద్దది, ఎందుకంటే ఉచిత వ్యవసాయ కరెంటు కోసం ప్రభుత్వం ఏటా వేల కోట్లు కడుతున్నది. సోలార్ పెరిగిన కొద్దీ ఆ భారం తగ్గుతుంది. తగ్గితే తగ్గనివ్వండి, మంచిదే. కానీ ఎవరికి పైసలు మిగులుతున్నాయో వాళ్లే ప్లేట్లకు పైసలు పెట్టాలి. మిగులు సర్కారుది, అప్పు రైతుది అంటే అదేం న్యాయం? ఎద్దు నాది, బండి నాది, కిరాయి మాత్రం నీది అన్నట్టుంది.

3 కిలోవాట్ల ప్లాంటు నెలకు ఇంచుమించు 350 యూనిట్లు తీస్తుంది. ఇంట్లో వంద వాడుకుంటే 250 మిగులుతాయి. యూనిట్‌కు 5 రూపాయల 25 పైసలు నిజంగా చేతికొస్తే నెలకు 1,300 దాకా వస్తుంది. ఆ రేటు ఎన్నేండ్లు ఉంటుంది, ఏ కాగితం మీద ఉంది అనేది ఎవరూ చూపరు. ఎందుకు ఇంత అనుమానం అంటారా? అదే ప్రభుత్వం, అదే ఎండ, రైతు పొలంలో పెట్టుకునే ప్లాంటుకు ఇంకో రేటు పెట్టింది. పీఎం కుసుమ్ పథకంలో మొదటి భాగం కింద సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. తెలంగాణలో దానికి యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. ఇరవై ఐదేండ్ల ఒప్పందం. ఇరవై ఐదేండ్ల తర్వాత కూడా అదే 3.13! ఈ కాలంలో ఒక డీఏపీ బస్తా ధర ఎంత పెరుగుతుందో ఎవరైనా లెక్క కట్టండి. ఒక మెగావాటుకు నాలుగెకరాలు కావాలి, కోట్లలో పెట్టుబడి కావాలి. గద్వాలలో సీడ్ పత్తి ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తీసుకొని పంట పెట్టే రైతు కోట్లు ఎక్కడ తెస్తాడు? రైతు పేరు ముందు, పెట్టుబడిదారు వెనక. పట్టా మనది, ప్లాంటు వాళ్లది. పథకానికి రైతు పేరు పెట్టినంత మాత్రాన అది రైతు పథకం కాదు.

(గట్టు వాళ్లకు ఈ సోలార్ కొత్తేం కాదు. రాష్ట్రం వచ్చిన కొత్తలో అక్కడ భారీ సోలార్ పార్కు అన్నారు, వేల ఎకరాలు చూశారు. పార్కు రాలేదు. ఎండ మాత్రం వస్తూనే ఉంది.)

ఇక మిద్దెల సంగతి. పథకాలు రాసేవాళ్లకు మిద్దె అంటే ఖాళీగా పడి ఉన్న సిమెంటు స్లాబు. మన దగ్గర పల్లికాయ ఆరబోసేది మిద్దె మీద, మిరపకాయ ఎండేది మిద్దె మీద, కందులు, జొన్నలు, వడియాలు అన్నీ అక్కడే. 3 కిలోవాట్లకు నీడ పడని జాగా 250 నుంచి 300 చదరపు అడుగులు కావాలి. ఇద్దరన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో ఆ జాగా అంటే ఒకరి మిద్దె మొత్తం. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇంకా మట్టి మిద్దెలు ఉన్నాయి, వానకాలం చవుడు పోసుకొని బతికే ఇండ్లు. వాటి మీద ఇనుప స్టాండు, కాంక్రీటు దిమ్మెలు ఎక్కిస్తే దూలాలు ఆగుతాయా? రేకుల ఇండ్లు ఉన్నాయి, గాలివానకు రేకులే లేచిపోతాయి. అంటే ఈ పథకం స్లాబు ఉన్నవాడికి ముందు చేరుతుంది, రేకులున్న వాడికి చివరకు చేరుతుంది, కిరాయికి ఉన్నవాడికి అసలు చేరదు. దళితవాడలో, తండాల్లో ఎన్ని ఇండ్లకు పనికొచ్చే మిద్దె ఉందో లెక్క తీసిన తర్వాతే "వంద శాతం సోలార్ గ్రామం" అనే బోర్డు రాయాలి.

కోతుల మాట ఎత్తితే అధికారులు నవ్వుతారు. నవ్వనివ్వండి. పెంకుటిండ్లను పీకి పందిరి వేసిన కోతులు గాజు ప్లేట్లను వదులుతాయా? వైర్లు లాగుతాయి, ప్లేట్ల మీద ఎగురుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రాళ్ల వాన వస్తే మామిడికి, వరికి ఏమవుతుందో మనకు తెలుసు, ప్లేట్లకు ఏమవుతుంది? దుమ్ము పట్టిన ప్లేటు కరెంటు తగ్గిస్తుంది, వారానికోసారి కడగాలి, మే నెలలో తాగనీకే నీళ్లు లేని ఊర్లో ఏ నీళ్లతో కడగాలి? పథకం ప్రకారం బిగించిన కంపెనీ ఐదేండ్లు మరమ్మతు చేయాలి. ప్లేటు ఇరవై ఐదేండ్లు ఉంటుందంటారు, ఇన్వర్టరు అంతకాలం ఉండదు, మధ్యలో ఒకసారైనా మార్చాలి. ఆరో ఏట ఇన్వర్టరు కాలిపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ట్రాన్స్‌ఫార్మరు కాలితే రైతులే చందాలేసుకొని ట్రాక్టరులో తీసుకుపోయిన ఊర్లు మనవి. ఆ అనుభవంతోనే అడుగుతున్నాం.

అసలు విషయానికి వద్దాం. అది మీటరు.

తెలంగాణలో బోరు మోటార్లకు మీటర్లు లేవు. పోరాడి పెట్టనివ్వలేదు. రాష్ట్రాలు కరెంటు సంస్కరణలు చేస్తే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అర శాతం అదనంగా అప్పు తెచ్చుకోనిస్తామని 2021లో కేంద్రం ఆశ పెట్టింది, అందులో వ్యవసాయ మీటర్లు కూడా ఒక షరతు. పక్కన ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంలో మొదలుపెట్టి మీటర్ల బాట పట్టింది. తెలంగాణ పట్టలేదు. ఇప్పుడు ఆ మీటరు సోలార్ బండెక్కి వస్తున్నది. ఎట్లాగంటే, మోటరుకు సోలార్ పెట్టి, మిగిలిన కరెంటు లైనుకిచ్చి, దానికి పైసలు తీసుకోవాలంటే ఎంత ఇచ్చావో, ఎంత వాడావో కొలవాలి. కొలవాలంటే మీటరు కావాలి. మీకు పైసలు ఇవ్వడానికే మీటరు అంటారు, ఆ మాటలో తప్పు లేదు. కానీ పైసలు ఇచ్చే మీటరు, పైసలు వసూలు చేసే మీటరు రెండూ ఒకటే డబ్బా. ఎటు తిప్పాలనేది రేపటి ప్రభుత్వం చేతిలో ఉంటుంది.

ఇది మా ఊహ కాదు, కాగితాల మీద ఉన్నదే. 2025 అక్టోబరులో కేంద్రం విద్యుత్ సవరణ బిల్లు ముసాయిదా బయట పెట్టింది. ఖర్చుకు తగ్గ చార్జీ వేయాలి, ఫ్యాక్టరీల మీద, రైల్వే మీద క్రాస్ సబ్సిడీ భారం ఐదేండ్లలో తీసేయాలి అని అందులో ఉంది. క్రాస్ సబ్సిడీ అంటే పెద్ద వాడకందారుల దగ్గర ఎక్కువ తీసుకొని మనకు తక్కువకు ఇవ్వడం. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్న రైతులకు, సంయుక్త కిసాన్ మోర్చాతో మాట్లాడకుండా ఈ బిల్లు తేబోమని 2021 డిసెంబరు 9న రాతపూర్వకంగా మాట ఇచ్చారు. 2022 ఆగస్టులో దాన్ని లోక్‌సభలో పెట్టారు. ఇప్పుడు మళ్లీ ఇంకో రూపంలో తెచ్చారు. ఇటు రాష్ట్రంలో 2025 నవంబరులో మంత్రివర్గం మూడో డిస్కంకు ఒప్పుకుంది, వ్యవసాయ కనెక్షన్లన్నీ, ఎత్తిపోతల పథకాలన్నీ అందులోకి పోతాయి. బిల్లులు కట్టేవాళ్లందరూ ఒక కంపెనీలో, బిల్లు కట్టని రైతులు ఇంకో కంపెనీలో. ఆ కంపెనీ పుట్టుకతోనే సర్కారు సబ్సిడీ మీద బతకాలి. నష్టాల కంపెనీ అని రేపు పేరు పెట్టడం ఎంతసేపు?

పైన చెప్పిన హైదరాబాద్ బంగళాల సోలార్ కూడా ఇక్కడే మనకు తగులుతుంది. పెద్ద స్లాబులో పెద్ద బిల్లు కట్టేవాళ్లంతా సొంత సోలార్‌కు పోతే డిస్కంకు వచ్చే పైసలు తగ్గుతాయి. ఆ లోటు పూడ్చడానికి ఎవరి వైపు చూస్తారు? వాళ్లను సోలార్ పెట్టుకోవద్దనడం మన పని కాదు. ఆ లోటు రాష్ట్ర బడ్జెట్ నుంచి పూడ్చాలి, రైతు మీద, పేదింటి మీద వేయొద్దు అనడం మన పని.

ఉచిత కరెంటు ఎవరి దానమూ కాదు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయాయి. ఆ నెత్తురు మీద వచ్చింది 2004 నాటి ఉచిత కరెంటు. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలు అన్నారు. ఆ హక్కును సోలార్ ప్లేటు పెట్టి కొనుక్కుపోదామంటే కుదరదు.

ప్రజలను అడగడం గురించి ఒక దూరపు ముచ్చట చెప్తాను, ఎందుకంటే మనకు దాంట్లో పాఠం ఉంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో చట్టాల మీద జనమే నేరుగా ఓటేస్తారు. ఎమ్మెల్యేకు ఓటేసినట్టే, ఈ చట్టం కావాలా వద్దా అని బ్యాలెట్ మీద ఉంటుంది. ఫ్లోరిడా అనే రాష్ట్రంలో 2016 నవంబరు 8న మిద్దె సోలార్ మీద అట్లాంటి ఓటు జరిగింది. బ్యాలెట్ మీద రాసింది చదివితే సోలార్‌కు మేలు చేసేదే అనిపిస్తుంది. ప్రతి మనిషికీ సోలార్ ప్లేట్లు సొంతంగా పెట్టుకునే హక్కు ఉంది అని మొదటి మాట. ఆ హక్కు వాళ్లకు అంతకు ముందే ఉంది. రెండో మాటలో మెలిక పెట్టారు: సోలార్ లేనివాళ్లు సోలార్ ఉన్నవాళ్ల భారం మోయకుండా ప్రభుత్వం చూడవచ్చు అని. అంటే మిద్దె మీద ప్లేట్లు పెట్టుకున్నవాళ్ల మీద కొత్త చార్జీలకు తలుపు తీసినట్టే. దాని వెనక ఉన్నది ఎవరు? అక్కడి కరెంటు కంపెనీలే. రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక న్యాయమూర్తి దీన్ని గొర్రె తోలు కప్పుకున్న తోడేలుతో పోల్చి రాశారు. మన భాషలో మేకవన్నె పులి. ఓటింగుకు మూడు వారాల ముందు, వాళ్ల వైపు మాట్లాడే సంస్థ మనిషి ఒకరు ఇది జనం ఇష్టపడే సోలార్ పేరుతో ఆడిన ఎత్తు అని ఒప్పుకున్న రికార్డింగు బయటపడింది. అక్కడ గెలవాలంటే నూటికి 60 ఓట్లు రావాలి. 51 దాకా వచ్చి ఆగిపోయాయి. కంపెనీలు ఓడాయి.

జనం కాగితం చదివారు కాబట్టి ఓడాయి. చదవకుండా సగం మంది అవునన్నారు అనేది కూడా గుర్తు పెట్టుకోవాలి. మన చేతికి వచ్చే దరఖాస్తు ఫారంలో, ఒప్పంద పత్రంలో కూడా మొదటి మాట తీయగానే ఉంటుంది. రెండో మాట ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మనకు అట్లాంటి బ్యాలెట్ లేదు. గ్రామసభ ఉంది. దాన్ని చిన్నచూపు చూడొద్దు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వుతామని వస్తే అమ్రాబాద్, పదర ఊర్లు ఒక్కటై నిలబడ్డాయి, చెంచులు నిలబడ్డారు, చివరకు ఆ ఏడాది సెప్టెంబరు 16న శాసనసభే వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద 2025లో రైతులు ఎందుకు తిరగబడ్డారు? ఊరు వద్దంటుంటే కట్టబోయారు కాబట్టి. ముందు అడగకపోతే తర్వాత ఏమవుతుందో ఈ ప్రభుత్వానికి మన జిల్లాల నుంచే ఉదాహరణలు ఉన్నాయి.

ఇందులో మంచి పని జరిగిన చోట మంచి అనే అంటాం. 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. పోడు పట్టాలున్న గిరిజన రైతులకు బోరు, సోలార్ మోటరు పూర్తి సబ్సిడీతో ఇస్తామన్నారు. 12,600 కోట్లు, ఐదేండ్లలో 6 లక్షల ఎకరాలు, 2 లక్షల 10 వేల మంది రైతులు అని లెక్క చెప్పారు. అడవి అంచున కరెంటు స్తంభమే లేని చోట సోలార్ కన్నా సరైనది లేదు. చెప్పిన లెక్క ప్రకారం ఇస్తారా అనేది చూడాలి. నేను చెప్పేది ఒక్కటే, గిరిజన రైతుకు నూటికి నూరు శాతం ఇవ్వగలిగినప్పుడు, గట్టులో, పెబ్బేరులో, కోడేరులో రెండెకరాల రైతును కుసుమ్ పేరుతో 40 శాతం నువ్వు పెట్టుకో అని ఎట్లా అంటారు?

పగటి కరెంటు కోసం ప్రతి బోరు మీదా ప్లేట్లు, ప్రతి మోటరుకూ మీటరు పెట్టాల్సిన పని కూడా లేదు. సబ్‌స్టేషన్ దగ్గర ప్లాంటు పెట్టి వ్యవసాయ ఫీడరు మొత్తాన్ని పగలు నడపవచ్చు. కుసుమ్‌లోనే ఆ దారి ఉంది, ఫీడరు సోలార్ అంటారు. మహారాష్ట్ర 2017 నుంచి ఆ దారిలో పోతున్నది, ప్లాంటుకు భూమి ఇచ్చిన రైతుకు హెక్టారుకు ఏటా లక్షా 25 వేలు, అంటే ఎకరాకు 50 వేలు కౌలు, ఏటా 3 శాతం పెంపు పెట్టింది. అక్కడ అంతా బాగుందని చెప్పడం లేదు. అయితే రైతు నెత్తిన అప్పు లేదు, బోరు దగ్గర ఈ పేరుతో కొత్త మీటరు లేదు, భూమి రైతు పేరునే ఉంటుంది. మన దగ్గర ఆ దారి గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు?

కాబట్టి వచ్చే గ్రామసభలో సోలార్ ముచ్చట ఎజెండాలో పెట్టమని ఇప్పుడే సర్పంచుకు, కార్యదర్శికి రాసి ఇవ్వండి. కార్యదర్శి సంతకం, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. కౌలు రైతులను, ఆడవాళ్లను, రేకుల ఇండ్ల వాళ్లను తప్పకుండా పిలవండి, వాళ్ల చేయి కూడా లెక్కలోకి రావాలి. తీర్మానం ఈ మాటల్లో ఉంటే చాలు, మీ ఊరి సంగతులు కలుపుకోండి:

"మా గ్రామంలో మిద్దెల మీద, బోరు మోటార్ల మీద సోలార్ పెట్టే ముందు ఒప్పంద పత్రం తెలుగులో ఈ సభలో చదివి వినిపించాలి. సోలార్ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా వ్యవసాయ ఉచిత కరెంటు, ఇంటికి 200 యూనిట్ల గృహజ్యోతి కొనసాగుతాయని ప్రభుత్వం రాతపూర్వకంగా ఇవ్వాలి. బోరు దగ్గర పెట్టే ఏ మీటరూ చార్జీల వసూలుకు వాడరాదు. మిగులు కరెంటు రేటు, అది ఎన్నేండ్లు ఉంటుందో, డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో పత్రంలో రాయాలి. సబ్సిడీ పోను మిగిలిన ఖర్చు ప్రభుత్వం భరించాలి, రైతు పేర లోను పెట్టరాదు. మిద్దె పనికిరాని ఇండ్లకు పంచాయతీ జాగాలో ఉమ్మడి ప్లాంటు పెట్టి వాటా ఇవ్వాలి. ఐదేండ్ల తర్వాత మరమ్మతు బాధ్యత డిస్కం తీసుకోవాలి. వీటికి జవాబు వచ్చేదాకా మా గ్రామాన్ని సోలార్ గ్రామంగా ప్రకటించరాదు."

జిల్లాకు ఒక మోడల్ సోలార్ గ్రామం, గెలిచిన ఊరికి కోటి రూపాయలు అని కేంద్రం పోటీ కూడా పెట్టింది. ఐదు వేల జనాభా దాటిన పెద్ద ఊర్ల మీద ఒత్తిడి ఎక్కువ ఉంటుంది. కోటి రూపాయల ఆశకు తొందరపడి సంతకాలు పెట్టించే నాయకులు వస్తారు. వాళ్ల ముందు ఈ తీర్మానం పెట్టండి, రాసివ్వమనండి. రాసిస్తే మనమే ముందుండి ప్లేట్లు మోసుకొస్తాం.

తీర్మానం నకళ్లు నాలుగు తీయండి. ఒకటి ఎంపీడీఓకు, ఒకటి మీ సెక్షన్ ఏఈకి, ఒకటి కలెక్టరు ప్రజావాణిలో, ఇంకోటి మన మండల సంఘానికి. ఏటా చార్జీల ప్రతిపాదనల మీద హైదరాబాద్‌లో విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి అక్కడ మాట్లాడవచ్చు. మూడు జిల్లాల నుంచి వచ్చిన తీర్మానాలన్నీ కట్ట కట్టి ఈసారి అక్కడ పెడతాం. ఎన్ని ఊర్లవి ఉంటాయనేది మీ చేతిలో ఉంది.